ఆటలో బ్రదికిన మాటలు



వాక్కును అర్థమును విడదీయరానివని మన పెద్దలు తలచిరి. అయినను అర్థము నెఱుగకయే వేలకొలది మాటలను కంఠస్థము చేసి, వానితో ఆడి, గెలుచువారు లోకమున కలరు. వారు ఆంగ్లభాషలో పదక్రీడ లాడువారు. ఏ గృహస్థుడును నోట పలుకని మాటలు, ఏ పత్రికయు ముద్రింపని మాటలు వారి ఆటపలకపై ప్రతిదినమును కనబడుచుండును. ఆ మాట లెక్కడినుండి వచ్చినవి? వాని నెవరు కాపాడిరి? వాడుక తప్పిన మాటను ఆటకొఱకు మాత్రమే నిలుపుకొన్నచో అది బ్రదికినట్లా, లేక శవమునకు అలంకారము చేసినట్లా? ఈ విషయమే నేటి ప్రసంగము.

ముందుగా ఆ మాటలలో కొన్నింటిని చూడుడు. ‘ఆ ఆ’ యని రెండు అక్షరములుగా వ్రాయబడు మాటకు గరుకుగా గడ్డకట్టిన లావా యని అర్థము; అది అగ్నిపర్వతములు గల హవాయి ద్వీపముల మాట. ‘ఐ’ యనునది దక్షిణ అమెరికా అడవులలో చెట్టుకొమ్మలకు వ్రేలాడు మూడుగోళ్ల మందజంతువు పేరు. ‘జో’ యనగా టిబెట్టు దేశమున చమరీమృగమునకును ఆవునకును కలిగిన సంకరజాతి పశువు. ‘చీ’ యనునది ప్రాణశక్తికి చీనావారు పెట్టిన పేరు. ‘క్రూథ్’ వేల్సు దేశపు కమానుతో వాయించు ప్రాచీన తంత్రీవాద్యము. అదే దేశపు ‘కూమ్’ పర్వతపు ఒడిలోని గిన్నెవంటి లోయ. 1921లో మేలొరీ యను పర్వతారోహకుడు ఎవరెస్టు శిఖరము క్రింది మంచులోయకు ఈ వేల్సు మాటనే పెట్టెను. ఈ కడపటి రెండు మాటలను ఆంగ్లలిపిలో వ్రాసినచో, ఆంగ్లబాలురు అచ్చులని వల్లించు అయిదు అక్షరములలో ఒక్కటియు కానరాదు. అందుచేతనే ఆటగాండ్రకు అవి మిక్కిలి ప్రియములు.

మనకును ఇట్టి విద్య క్రొత్తది కాదు. ఒక్కొక్క అక్షరమునకు గల అర్థములను చెప్పు ఏకాక్షర నిఘంటువులు సంస్కృతమున కలవు. భారవి కిరాతార్జునీయము 15వ సర్గలో నకారముతోను, మాఘుడు శిశుపాలవధము 19వ సర్గలో దకారముతోను శ్లోకములు కూర్చిరి. అరుదైన మాటలు లేనిదే ఆ క్రీడ సాగదు. కాని భారవి మాఘులు అర్థమును విడువలేదు. ఈ భేదమును జ్ఞాపక ముంచుకొనుడు. ముందు దీనితో పని కలదు.

ఆంగ్లమున నిఘంటువు పుట్టినదే కఠినపదములకొఱకు. పదునాఱవ శతాబ్దమున ఆ దేశపు పండితులు లాటిను, గ్రీకు భాషలనుండి మాటలను బండ్లకెత్తి తెచ్చిరి. సామాన్యులకు అవి బోధపడలేదు. 1553లో థామస్ విల్సన్ తన అలంకారగ్రంథమున వానిని సిరాబుడ్డి మాటలని పరిహసించెను; సిరాబుడ్డిలో పుట్టి కాగితముపై చచ్చు మాటలని భావము. పరిహాసముచే అవి ఆగలేదు. 1604లో రాబర్ట్ కాడ్రీ యను బడిపంతులు సుమారు 2,500 కఠినపదములకు సులభముగా అర్థములు వ్రాసి అకారాదిగా అచ్చు వేయించెను. ఆంగ్లమునకు ఆంగ్లముననే అర్థము చెప్పిన తొలి నిఘంటువు అదియే. కులీనస్త్రీలకును, చదువునకు దూరమైన ఇతరులకును ఉపయోగపడవలెనని ఆయన సంకల్పము. ఆ తొలికూర్పు ప్రతి నేడు ఒక్కటియే మిగిలియున్నది. అది ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున కలదు. మాటలను కాపాడిన గ్రంథమే వెండ్రుకవాసిలో నశింప తప్పించుకొన్నది.

కాడ్రీ వాడుకలోనికి వచ్చిన కఠినపదములను వివరించెను. తరువాతివారిలో కొందఱు ఆ మేర దాటిరి. 1623లో హెన్రీ కాకరమ్ ప్రకటించిన నిఘంటువున, లాటిను మాటలకు ఆంగ్లపు తోకలు తగిలించి చేసిన పదములు పెక్కులు చేరినవి. వానిలో కొన్నింటిని ఆ పుస్తకమున దప్ప మఱెక్కడను చూడజాలము. నిఘంటువు వాడుకకు అద్దముగా నుండవలెనా, లేక మాటలకు పుట్టినిల్లు కావచ్చునా యను వివాదమునకు ఇట్లు బీజము పడెను. 1755లో సామ్యూల్ జాన్‌సన్ తన మహానిఘంటువును ప్రకటించి, గ్రంథకర్తల ప్రయోగములను ప్రతిమాటకును సాక్ష్యముగా చూపు పద్ధతిని స్థిరపఱచెను. అప్పటినుండి సాక్ష్యము లేని మాటకు పీట దొరకుట కష్టమయ్యెను.

1857లో లండను నగరమున ఫైలొలాజికల్ సొసైటీ యను భాషాశాస్త్రసభవారు, అంతవఱకు ఏ నిఘంటువునకును ఎక్కని మాటలను సేకరించుటకు ఒక సంఘము నేర్పఱచిరి. ఆ పని పెరిగి పెరిగి ఆక్స్‌ఫర్డు మహానిఘంటువయ్యెను. 1879లో దానికి సంపాదకుడైన జేమ్స్ మఱ్ఱే కూడ బడిపంతులే. మిల్ హిల్ పాఠశాలలో ఉపాధ్యాయుడు. ఊరూరి పాఠకులు పాత పుస్తకములు చదివి, ప్రయోగములను చీటీలపై వ్రాసి పంపుచుండగా, ఆయన తోటలోని రేకులగదిలో కూర్చుండి వానిని గూళ్లలో సర్దుకొనెను. 1884లో తొలిభాగము వెలువడెను. 1928లో గ్రంథము ముగిసెను. మఱ్ఱే 1915లోనే గతించెను. ఆ గ్రంథమునకొక ధర్మము కలదు. ఒక్కమాఱు చేర్చుకొన్న మాటను అది వెడలగొట్టదు. మాట చచ్చినచో దానికి ముందు చిన్న బాకు గుర్తు నుంచును. అనగా అది సమాధిరాతి గుర్తే కాని బహిష్కారపత్రము కాదు.

ఇంత జాగరూకతలోను రెండు వింతలు జరిగినవి. దాసి యను అర్థముగల ‘బాండ్‌మెయిడ్’ అను మంచి మాట, చీటీలు ఎక్కడనో పడిపోవుటచే, మహానిఘంటువునకు ఎక్కకయే పోయెను. 1933లో అనుబంధమున దానికి చోటు దొరకెను. దీనికి సరిగా ఎదురైనది అమెరికాలో జరిగెను. 1931 జూలై 31వ తేదీన, పెద్దయక్షరముగాని చిన్నయక్షరముగాని ‘డి’ సాంద్రతకు సంకేతము కావచ్చునని రసాయనశాస్త్రపు సంపాదకుడొకడు చీటీ వ్రాసెను. ‘డి ఆర్ డి’ యని విడివిడిగా చదువవలసినదానిని కలిపి ‘డార్డ్’ అను ఒక్కమాటగా చదివిరి. 1934లో అచ్చైన వెబ్‌స్టర్ మహానిఘంటువున ఆ మాట సాంద్రత యను అర్థముతో దర్జాగా కూర్చుండెను. 1939లో ఒక సంపాదకుడు దానికి వ్యుత్పత్తి లేకుండుట గమనించి కూపీ తీసెను. 1947 ముద్రణమున గాని ఆ మాట తొలగలేదు. ఉన్న మాట లేకపోయెను. లేని మాట ఉండెను. ఇట్లు పొరబాటున పుట్టిన మాటలకు 1886లోనే స్కీట్ పండితుడు దయ్యపు మాటలని పేరు పెట్టియుండెను.

ఇచ్చట మన వ్యాకరణ మహాభాష్యము జ్ఞప్తికి వచ్చుచున్నది. లోకమున నెవరును పలుకని ‘ఊష’, ‘తేర’, ‘చక్ర’, ‘పేచ’ వంటి క్రియారూపములు శాస్త్రమున కలవుగదా, వానిని మాటలని యెట్లనవచ్చునని పతంజలి ఒక ఆక్షేపమును తానే యెత్తుకొనెను. శబ్దములు వాడబడు చోటు మిక్కిలి విశాలము, అంతయు వెదకకయే లేదనుట సాహసమని ఆయన సమాధానము. ఒక దేశమున కానరానిది మఱియొక దేశమున నుండును. ‘శవతి’ యను క్రియ నడచుట యను అర్థమున కాంబోజులలో మాత్రమే కలదని ఆయన చూపెను. ఆర్యులకు ఆ ధాతువునుండి ‘శవ’ మను మాట మాత్రమే మిగిలెను. ఆక్స్‌ఫర్డు చీటీల వెనుకనున్న యుక్తియు ఇదియే. మాట లేదనుటకు ముందు వెదకవలెను. ఉన్నదనుటకు ముందు సాక్ష్యము చూపవలెను.

ఇంతవఱకు అరుదైన మాటలను కాపాడినవారు పండితులు. ఇక ఆటగాండ్ర వంతు. 1913 డిసెంబరు 21వ తేదీన న్యూయార్కు వరల్డ్ పత్రికలో, లివర్పూలులో పుట్టిన ఆర్థర్ విన్ అను పాత్రికేయుడు వజ్రాకారముగా గడులు గీసి, అడ్డముగాను నిలువుగాను మాటలు నింపుడని పాఠకులను కోరెను. నేడు మనము పదబంధప్రహేళిక యనుచున్నది అట్లు పుట్టెను. ఆ మొదటి ప్రహేళికలోనే అరుదైన మాటలు చొరబడినవి. పిడికిలి యను ఆధారమునకు ‘నీఫ్’ అని నింపవలెను. అది ఇంగ్లండు ఉత్తరభాగమునను స్కాట్లండునను మిగిలిన పాతమాట. గోముటి తాటిచెట్టు నార యను ఆధారమునకు ‘డో’ యని నింపవలెను. అది తూర్పు ద్వీపములనుండి వచ్చిన మాట. వీనిని విన్ పాండిత్యప్రకర్షకై పెట్టలేదు. గడులు ఒకదానితో నొకటి పెనవైచుకొని యుండుటచే, మిగిలిన మూలకు ఇమిడిన మాటయే పెట్టవలసి వచ్చును. అట్టి అవసరమే మూలపడిన మాటలకు ఉద్యోగ మిచ్చెను.

ఇంగ్లండులో ఈ క్రీడ పండితుల చేతబడి మఱింత బిగిసెను. 1926 మొదలుకొని అబ్జర్వర్ పత్రికలో పౌయిస్ మాథర్స్ అను అనువాదకుడు ‘టార్క్విమాడా’ యను మాఱుపేరుతో ప్రహేళికలు కూర్చెను. అది స్పెయిను దేశమున మతవిచారణపేర జనులను బాధించిన అధికారి పేరు! 1939లో ఆయన గతింపగా ఆ పీఠమున ‘క్సిమెనీస్’ అను పేరుతో మక్నట్ ఎక్కెను. ఆయనయు లాటిను గ్రీకులు బోధించిన బడిపంతులే. అరుదైన మాటను ఉంచవచ్చును, కాని ఆధారము న్యాయముగా నుండవలెనని ఆయన నియమము. అర్థమును ఒకవైపునను, అక్షరముల చమత్కారమును మఱియొకవైపునను చూపి, రెండును ఒకే మాట కడ కలియునట్లు చేయుటయే ఆ న్యాయము. ఆయన ప్రమాణముగా గైకొన్నది స్కాట్లండు మాండలికములకును, స్పెన్సర్, షేక్స్పియర్ వంటి కవుల పాతమాటలకును చోటిచ్చిన చేంబర్స్ నిఘంటువు. ఈ ఆటలో అర్థము తెలియనివాడు గడి నింపలేడు. కావున ఇచ్చట మాటకు దేహమును ప్రాణమును రెండును నిలిచినవి.

రెండవ క్రీడ వేఱు. 1930 ప్రాంతమున అమెరికాలో వ్యాపారములు కుప్పకూలగా ఉద్యోగము పోయిన ఆల్ఫ్రెడ్ బట్స్ అను వాస్తుశిల్పి, వార్తాపత్రికల పుటలలో ఏ అక్షరము ఎన్నిమాఱులు వచ్చునో లెక్కించెను. ఆ లెక్కనుబట్టి అక్షరముల బిళ్లలు చేసి, ఎక్కువగా వచ్చుదానికి తక్కువ మార్కులు, అరుదైనదానికి ఎక్కువ మార్కులు నిర్ణయించెను. పలకపై వరుసకు 15 గడులు, బిళ్లలు 100. వానిలో ‘ఇ’ యక్షరపు బిళ్లలు 12. ‘క్యూ’, ‘జెడ్’ అక్షరములకు బిళ్ల యొక్కొక్కటియే, మార్కులు పదేసి. బహువచనముతో సులభముగా గెలువరాదని ‘ఎస్’ బిళ్లలు నాలుగే యుంచెను. 1948లో జేమ్స్ బ్రూనో దానికి ‘స్క్రాబుల్’ అని పేరు పెట్టి అమ్మసాగెను. 1982లో మాంచెస్టరులో ఒక ఆటగాడు ‘కసీక్స్’ అను మాటను పేర్చి ఒక్క ఎత్తునకే 392 మార్కులు సంపాదించెను. కరీబియను దీవుల ఆదివాసుల నాయకులని దానికి అర్థము. స్పెయినువారి దండయాత్రలో నలిగిపోయిన టైనో జాతివారి నోటిమాట అది.

ఏది మాట, ఏది కాదు అను తగవు ఈ ఆటలో ప్రతిదినమును వచ్చును. అందుచే 1978లో అమెరికా ఆటగాండ్రకై, అయిదు నిఘంటువుల నాధారము చేసికొని, ప్రత్యేకనిఘంటువు వెలువడెను. ఇంగ్లండువారు చేంబర్స్ ఆధారముగా 1988లో తమ జాబితాను ప్రకటించిరి. కాలక్రమమున జాబితాలు పెరిగినవి. 2019లో వెలువడిన కాలిన్స్ జాబితాలో రెండక్షరముల మాటలే 127. వానిలో ‘నేను’ అను అర్థముగల ‘చ్’ అను పాత మాండలికపు మాట యున్నది. షేక్స్పియర్ లియరు రాజు నాటకమున ఎడ్గార్ పల్లెటూరివానివలె నటించునపుడు ఈ మాటను తరువాతి పదముతో కలిపి పలుకును. దానిప్రక్కనే నిన్నమొన్నటి కుఱ్ఱకారు మాటలును ఉన్నవి. ఆ పంక్తిలో వృద్ధునకును శిశువునకును సమానాసనమే.

కాని ఒక మార్పును గమనింపుడు. 1998లో అమెరికా పోటీలకొఱకు వెలువడిన జాబితాలో మాటలు మాత్రమే కలవు, అర్థములు లేవు. కాడ్రీ పుస్తకమున కఠినపదము ప్రక్కన సులభమైన అర్థము ఉండెను. ఆ అర్థము చెప్పుటకే ఆ పుస్తకము పుట్టెను. నాలుగువందల యేండ్లలోపల మాట మిగిలెను, అర్థము జారిపోయెను. దీని పరాకాష్ఠ 2015లో కనబడెను. న్యూజిలాండు వాసియైన నైజెల్ రిచర్డ్స్ ఆంగ్లమున ముందే ప్రపంచవిజేత. ఆయన ఫ్రెంచి మాటలాడనేరకయే, ఆ భాష జాబితాను సుమారు తొమ్మిది వారములు చదివి, ఫ్రెంచివారి పోటీలో అగ్రస్థానము గెలుచుకొనెను. 2024లో స్పానిషు భాషలోను అట్లే గెలిచెను. ఆ ధారణాశక్తికి చేతులెత్తి మ్రొక్కవలసినదే. అయినను ఆయన గెలిచినది భాషనా, అక్షరముల వరుసనా యను ప్రశ్న మిగులును.

ఈ ప్రశ్నయు మనకు పాతదే. వేదమంత్రములకు అర్థము లేదని కౌత్సుడు వాదించెనని యాస్కుడు నిరుక్తమున చెప్పి, ఆ వాదమును ఖండించెను. యాస్కుడు వ్యాఖ్యానించిన నిఘంటువున నాలుగవ అధ్యాయము అంతయు అర్థము దుర్గమమైన విడిమాటల పట్టికయే. అర్థము మనకు తెలియకుండుట వేఱు, మాటకు అర్థము లేకుండుట వేఱని యాస్కుని పక్షము.

ఆటగాండ్రలోను కౌత్సులు కలరు. పలకపై నున్నవి మాటలు కావు, మార్కుల గుర్తులు మాత్రమే యని వారి వాదము. జాతులను, మతములను, స్త్రీలను కించపఱచు దూషణములను తొలగింపవలెనని 1990 ప్రాంతముల అమెరికాలో ఆందోళనము పుట్టినపుడు వారు ఈ వాదమునే చేసిరి. తుదకు రాజీ కుదిరెను: ఇండ్లలో వాడు నిఘంటువునుండి ఆ మాటలు తొలగినవి, పోటీజాబితాలో నిలిచినవి. 1998లో అర్థములు లేని జాబితా పుట్టుటకు ఈ తగవే కారణము. కాని 2020లో అమెరికా ఆటగాండ్ర సంఘమే తన జాబితానుండి జాతిమతాదులను దూషించు మాటలను తొలగించెను. 2021లో కాలిన్స్ జాబితాయు ఆ దారి పట్టెను. తగవు ఇంకను చల్లారలేదు. ఆ మాటలను నిఘంటువులనుండి తొలగింపుమని నేననను. చరిత్రకు సాక్ష్యము కావలెను. కాని ఒక్కటి తేలినది. అర్థమును వాకిటనుండి వెళ్లగొట్టినను అది పెరటిదారిని వచ్చి కూర్చుండును. కేవలము అక్షరముల వరుసయే యైనచో ఎవరి మనసు నొచ్చును?

అట్లని అర్థము తెలియక వల్లించువారిని నేను నిందింపను. మన ఘనపాఠులలో పెక్కురు స్వరాక్షరములను కాపాడినవారే కాని భాష్యము చదివినవారు కారు. వారు పాత్రను పగులనీయక తరతరములు మోసినందుననే పదునాలుగవ శతాబ్దమున సాయణుడు దానిలోని ద్రవ్యమును లోకమునకు చూపగలిగెను. నేటి ఆటగాడును ‘క్రూథ్’ అను మాటను మోయుచున్నాడు. వేల్సు సంగీతమును గూర్చి అడుగ దలచినవానికి ఆ మాట చేతికందునట్లుండుట మేలే. కాని మోయుట సగము పని; మూట విప్పి చూచుట తక్కిన సగము. ఆ రెండవ సగమును చేయుటకు పండితుడే కానక్కరలేదు. నిఘంటువున ఒక్క పంక్తి చదివిన చాలును.

ఆ పంక్తిలో ఎంత చరిత్ర యుండునో చూపుటకు ఒక్క మాట చెప్పి విరమింతును. ఆటగాండ్ర జాబితాలో ‘బాండికూట్’ అను మాట కలదు. అది మన ‘పందికొక్కే’. ఆంగ్లవర్తకులు ఈ తీరమున తమ గిడ్డంగులను త్రవ్వు ఆ జంతువు పేరును తెలుగువారి నోట విని పట్టుకొనిరి. తరువాత వారు ఆస్ట్రేలియాకు పోయి, అచ్చట సంచిలో పిల్లలను మోయు వేఱొక చిన్నజంతువునకు ఆ పేరే పెట్టిరి. అచ్చటివారు దానినుండి ఒక క్రియను కూడ కల్పించిరి: పైమొక్క కదలకుండ చేనిలోని ఉర్లగడ్డలను చాటుగా త్రవ్వి దొంగిలించుట యని దానికి అర్థము. మెల్బోర్నులోనో లండనులోనో నేడొకడు తొమ్మిది బిళ్లల ఆ మాటను పలకపై పూర్తిచేసి మార్కులు లెక్కించుకొనుచుండవచ్చును. మన గాదెక్రింది కన్నమునుండి బయలుదేరి, ఓడనెక్కి, రెండు సముద్రములు దాటి ఆ మాట అచ్చటికి చేరినదని వానికెవరు చెప్పవలెను?